అన్న పక్కన కూర్చున్న లుపే

మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో కిరణ్మయి ఇంటికి ఎవరు వెళ్ళినా ముందు కాఫీ ఇస్తుంది, ఆ వెంటనే షుగర్ ఎంతుందని అడుగుతుంది. పద్నాలుగేళ్ళుగా యూనివర్సిటీలో ఆమె పని అదే. పసిఫిక్ దీవుల నుంచి వచ్చి మెల్‌బోర్న్‌లో స్థిరపడిన కుటుంబాల ఆరోగ్యం మీద పరిశోధన చేస్తుంది. తెనాలి పిల్లకు టోంగా దీవుల వాళ్ళ గొడవెందుకని తెలుగు ఆంటీలు ఇప్పటికీ విడ్డూరంగా చూస్తారు. వాళ్ళకేం తెలుసు? చదువుకోవడానికి వచ్చిన కొత్తలో జ్వరంతో పడి ఉంటే మూడు రోజులు సూప్ కాచి తాగించింది పక్కింటి టోంగా ఆవిడ లుపే. అప్పటి నుంచీ స్నేహం.

నిరుడు కిరణ్మయి పెద్ద అధ్యయనమే తలపెట్టింది. టోంగా చర్చి హాల్లో ఆరు ఆదివారాలు కుటుంబాలకు కుటుంబాలనే గుండ్రంగా కూర్చోబెట్టి షుగర్ గురించి మాట్లాడించింది. ఇంటిల్లిపాదీ కలిసే చెప్పాలని ఆమె పట్టు. పుండ్లూ గడ్డలూ ఉన్నాయా అంటే ఆడవాళ్ళంతా లేవన్నారు. పొంగిపోయి, వీళ్ళు షుగర్‌ను చక్కగా అదుపులో పెట్టుకున్నారని పేపర్ రాసింది. జర్నల్ వాళ్ళు వేసుకుంటామన్నారు. ఆమెకు రాబోయే ప్రమోషన్‌కు ఆ పేపరే ఆధారం.

మార్చిలో లుపే ఆసుపత్రి పాలైంది. తొడ మీద సెగ్గడ్డ ముదిరి, విషం రక్తంలోకి పాకి, ప్రాణం మీదకు వచ్చింది.

"హాల్లో అంతగా అడిగానే, ఏమీ లేదన్నావేం?" అంది కిరణ్మయి, కోపం ఆపుకోలేక.

లుపే నీరసంగా నవ్వింది. "పక్కన మా అన్న విలియామి ఉన్నాడు. అన్న ముందు నా ఒంటి సంగతి ఎలా చెప్పను? మాలో ఆ పద్ధతి లేదు. నీకు తెలిసే ఉంటుందనుకున్నాం. అందరిలో నిన్ను తప్పుపట్టడం ఎందుకని ఊరుకున్నాం."

కిరణ్మయి సిగ్గుతో చచ్చిపోయింది. ఆ కట్టుబాటు గురించి పుస్తకాల్లో చదివింది కూడా. ముప్పై ఏళ్ళుగా ఇక్కడున్నవాళ్ళకు అవన్నీ ఎక్కడుంటాయిలే అనుకుంది. తానేమో గర్భసంచిలో గడ్డ తీయించుకుని మంచాన ఉన్నప్పుడు, చూడటానికి వచ్చిన బావగారితో "ఊరికే జలుబండీ" అన్న మనిషి! జలుబుకు ఆపరేషనేమిటని ఆయనా అడగలేదు. తన ఇంట్లో ఉన్న మర్యాద పక్కవాళ్ళ ఇంట్లో ఉండదనుకోవాలంటే ఎంత చదువు చదవాలో!

ఆ సాయంత్రం పేపర్ వెనక్కి తీసుకుంటానంటే భర్త సుబ్బు అదిరిపడ్డాడు.

"యాక్సెప్ట్ అయిన పేపర్‌ని విత్‌డ్రా చేస్తావా? ప్రమోషన్ ఇంటర్వ్యూ నెక్స్ట్ మంతే కదా! చిన్న నోట్ ఏదో యాడ్ చేసెయ్యొచ్చుగా."

"వీళ్ళు బానే ఉన్నారని నేనే రాశాను సుబ్బూ. అది చూసి సర్కారు వాళ్ళ షుగర్ క్లినిక్ ఎత్తేస్తే? మొన్న కాస్త ఆలస్యమైతే లుపే చచ్చిపోయుండేది."

పేపర్ వెనక్కి వచ్చింది, ప్రమోషన్ పోయింది. ఆమె బాధపడలేదంటే అబద్ధమే.

జూన్‌లో మళ్ళీ అదే హాలుకు వెళ్ళి, అందరి ముందూ నిలబడి పొరపాటు తనదేనని చెప్పింది. ఈసారి మగవాళ్ళను హాల్లోనే ఉంచి, ఆడవాళ్ళను వంటగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. చేతికర్ర పట్టుకుని వచ్చిన లుపేయే మొదట నోరు విప్పింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు చెప్పుకుంటూ పోయారు. ఇరవై రెండు మందిలో పదమూడు మందికి ఏదో ఒక పుండు ఉంది. కిరణ్మయి వాళ్ళందరి పేర్లకూ ఎదురుగా నిరుడు "లేదు" అని రాసుకుంది.

బయటికి వచ్చేసరికి విలియామి తలుపుకు దూరంగా నిలబడి ఉన్నాడు. అరవై దాటిన భారీ మనిషి. నేల చూపులు చూస్తూ మాట్లాడాడు.

"మా చెల్లెలు ఏం చెప్పిందో నాకు చెప్పొద్దు. ఒక్కటే అడుగుతాను. ఆ రోజు నేను పక్కన లేకపోతే చెప్పేదా?"

అబద్ధం చెప్పాలనిపించింది కిరణ్మయికి. చెప్పలేకపోయింది.

"చెప్పేది. కానీ నిన్ను అక్కడ కూర్చోబెట్టింది నేను."

"మంచినీళ్ళకని లేచి బయటికి వెళ్ళినా సరిపోయేది" అన్నాడు విలియామి. "లేవాలని నాకూ అనిపించింది. నువ్వు పెద్ద చదువులు చదివినదానివి కదా అని కూర్చుండిపోయాను."