సుబ్బరాయలు మా ఇంట్లో మూడు స్పీకర్లు పెట్టిన సంగతి

ముదలియార్‌పేటలో మైకు సెట్టు సుబ్బరాయలును ఎరగని పెళ్లివారు లేరు. ఆయన పెద్దలు ఎన్నో తరాల కిందట వచ్చి కిరుమాంబాక్కం అనే పల్లెలో పొలాలు చేసుకున్న తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని చదవడం రాదు. తన పెట్టెల మీద గుర్తులన్నీ అరవంలోనే రాసుకునేవాడు. పొలం అన్నదమ్ములకు వదిలేసి, ఇరవయ్యో ఏట ఒక యాంప్లిఫయరు, రెండు గరాటు హారన్లతో టౌనులో బతుకు మొదలుపెట్టాడు. నేను ఎరిగేనాటికి యాభై దాటాయి.

ఎక్కడ హారన్ కట్టవలసి వచ్చినా ముందు ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాడట. ఏ ఇంట్లో బాలింత ఉంది, ఏ ఇంట్లో మంచం పట్టినవారున్నారు అని విచారించి, హారన్ నోరు అటు రాకుండా తిప్పి కట్టేవాడట. ఇది చేయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. దేవుడు కొందరికి అలాంటి బుద్ధి పెట్టి పంపుతాడు.

1982లో మావారికి యానాం నుంచి ఈ టౌనుకు బదిలీ అయింది. నటేశన్ నగర్‌లో మాకు దొరికిన ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉండేది. ముందు హాలు, తర్వాత వంటిల్లు, చివర మా అత్తగారి గది. వీధి గుమ్మంలో నిలబడి చూస్తే వరుసగా మూడు తలుపుల్లోంచి ఆవిడ మంచం కనపడేది. అత్తగారు భ్రమరాంబగారు ఆ వేసవిలో స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. మా మరిది యానాం నుంచి హరికథలు క్యాసెట్లకు ఎక్కించి పంపేవాడు. హాల్లో పెడితే ఆవిడకు వినపడదు. వినపడేటట్టు పెంచితే పక్కింటివారికి ఇబ్బంది. ఆవిడ గదిలోనే పెడదామంటే ఒప్పుకోలేదు. "ఒక్కదాన్నే వినడం నాకొద్దమ్మా. ఇంట్లో అందరితోపాటు వింటేనే అది హరికథ" అన్నారు.

అందుకని మూడు చోట్లా మూడు చెక్క స్పీకరు పెట్టెలు, మూడింటిలోనూ సన్నగా ఒకే పాట. ఈ పనికి సుబ్బరాయలును పిలిచాం.

పొద్దున్నే వచ్చాడు. గోడ మీద గీత గీసినట్టు వైరు లాగాడు. నేను ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. మధ్యాహ్నానికి పని పూర్తయింది. క్యాసెట్టు పెట్టాం. అత్తగారి గదిలో పెట్టె సన్నగా మోగింది. చిడతల చప్పుడు కూడా తెలుస్తోంది. ఆవిడ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టారు.

సుబ్బరాయలు పెట్టె ముందు నిలబడి తల అడ్డంగా ఊపాడు.

"ఇది మోగలేదే మా."

"మోగుతోంది, అన్నా" అన్నాను.

"యాడ మోగతా ఉండాది? గుయ్యిమని ఒట్టి హమ్మింగే ఉండాది."

విప్పాడు, లోపలి స్పీకరు మార్చాడు. మళ్లీ మోగింది. మళ్లీ మోగలేదన్నాడు. ఇంకోసారి మార్చాడు. అత్తగారు మంచం మీదనుంచే, "వినపడుతోంది నాయనా, కథకుడికి జలుబు చేసిన సంగతి కూడా తెలుస్తోంది" అన్నారు. ఆయన నా వైపు చూశాడు.

"పెద్దామె ఎగతాళి చేస్తా ఉండాదా?"

వంటింట్లోకి వెళ్లాడు. అక్కడ పెట్టె కింద రెండు క్షణాలు నిలబడేసరికి ఆయన ముఖం విప్పారింది. "ఇది మాత్రం జోరుగా ఉండాది మా!"

నాకేమీ వినపడలేదు. పెట్టెకు చెవి ఆనించి విన్నాను. చీమ చప్పుడు లేదు. కాని ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి జోరుగా ఉందంటున్నాడు. పల్లెటూరి బడిలో చదువుకున్నదాన్ని, ఆయన మాట కాదని నా చెవిని నమ్మడమా? వినపడే పెట్టెను వినపడదంటాడు, వినపడనిదాన్ని భేషుగ్గా ఉందంటాడు. కాసేపటికి నాకు నిజంగానే ఏదో వినపడుతున్నట్టు అనిపించసాగింది. కుక్కరు ఈల వేస్తే అది కూడా పెట్టెలోంచే వచ్చిందనుకున్నాను.

ఆయన విసుగెత్తి హాల్లో వాల్యూము మీట గిర్రున తిప్పాడు. ఇల్లు దద్దరిల్లింది. పక్కింటి జగన్నాథన్‌గారు గేటు దగ్గరికి వచ్చి, "ఏమ్మా, ఇంట్లో కల్యాణమా? చెప్పనే లేదే! భోజనం ఎన్ని గంటలకు?" అని అరిచారు. సుబ్బరాయలుకు ఆ అరుపు అందింది. గబగబా మీట తగ్గించాడు. చెవుల కొసలు ఎర్రబడ్డాయి.

"కంప్లైంటు యాడుండాదో తెలియలేదు మా. రేపొస్తా" అని అత్తగారి గదిలో కూర్చుని మిగిలిన వైరు చుట్టుకోసాగాడు. అప్పుడు అత్తగారు, "పిల్లలెంతమంది నాయనా?" అని అడిగారు. ఆయన వెనక్కి తిరిగి ఉన్నాడు. పలకలేదు. ఆవిడ కాస్త గట్టిగా మళ్లీ అడిగారు. వైరు చుడుతూనే ఉన్నాడు. చుట్ట పూర్తిచేసి ఇటు తిరిగి, ఆవిడ పెదవులు కదలడం చూసి, "ఏందమ్మా?" అన్నాడు.

ఆయన వెళ్లాక అత్తగారు నన్ను దగ్గరికి పిలిచారు. "అతనికి వినపడ్డం లేదే. మీ మావగారికీ ధాన్యం మిల్లులో ఇలాగే పోయింది. పదేళ్లు నా నోరు చూసి కాపురం చేశారు, నాకు తెలియదనుకుని."

నాకు దిగులు పట్టుకుంది. చెవి పోయిన మైకు మనిషిని ఎవరు పిలుస్తారు? ఈ మాట బయటికి పొక్కితే ఆయన బతుకు ఏమిటి? చెప్పడం పాపమా, చెప్పకపోవడం పాపమా? దీపం పెట్టి చాలాసేపు కూర్చున్నాను. స్వామి నాకేమీ తేల్చి చెప్పలేదు.

మర్నాడు ఆయనే వచ్చాడు. సంచీ విప్పలేదు. అత్తగారి మంచం పక్కన స్టూలు లాక్కుని, ఆవిడ ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మా, ఒక మాట అడగతా, మీరు నిజం చెప్పాల. ఈ హమ్మింగు మీ ఇంట్లో ఉండాదా, నా తలలో ఉండాదా?"

ఆవిడ జవాబు చెప్పేలోపే మళ్లీ తనే అన్నాడు. "మూడు నెలలుగా యాడ పోయినా ఉండాది. యాంప్లిఫయరు మార్చినా. లోపల ట్రాన్స్‌ఫార్మరు రెండు సార్లు మార్చినా. మొన్న కరెంటు పోయింది మా, అప్పుడూ ఉండాది! అది ఎట్ల?"

అత్తగారు ఆయన చెయ్యి పట్టుకుని పెట్టె మీది గుడ్డకు ఆనించారు. నన్ను క్యాసెట్టు పెట్టమన్నారు. పెట్టాను. ఆయన వేళ్ల కింద గుడ్డ అదిరింది. ఆయన లేచి వంటింట్లోకి వెళ్లి అక్కడి పెట్టె మీద చెయ్యి వేశాడు. ఎంతసేపు ఉంచినా అది అదరలేదు. స్టూలెక్కి వైరు వెంబడే చూసుకుంటూ పోయి, తలుపు పైన వదులైన ముడి పట్టుకున్నాడు.

"దీన్నే నేను జోరుగా ఉండాదని చెప్తిని. కుక్కరు హోరునే పాట అనుకొంటిని" అన్నాడు.

ముడి బిగించి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. "ఇంట్లో పెట్టె మీద చెయ్యి పెట్టచ్చు. హారను తాటిచెట్టు ఎత్తులో కడతానే, అమ్మా? అది కీచుమని కూత పెడితే నాకెట్ల తెలియాల? ఇంక నేను సెట్టు అమ్మేసేదేనా?"

"పెళ్లిళ్లలో చివరి వరసలో ఎవరినో నిలబెట్టి చేత్తో సైగ చేయించుకుంటావుగా?"

"ఆమా, నిలబెడతా. అందరూ చేసేదే."

"మరి మీ ఆవిడని తెచ్చుకో."

"ఆమెకు ఈ సంగతి తెలియదమ్మా."

అత్తగారు నవ్వారు. "తెలియదా! పోయి అడుగు."

సాయంత్రం ఆయన భార్య ధనభాగ్యం వచ్చింది. చేతిలో మా కోసం ఆకులో చుట్టిన కనకాంబరాలు. గుమ్మం దాటుతూనే మొదలుపెట్టింది. "నాకు తెలియదంటాడా? ఇంట్లో రేడియో రైలు మాదిరి పెడతాడు. నేను రెండు చెవుల్లో దూది పెట్టుకొని వంట చేస్తా ఉండాను మా. అడిగితే కోపం వచ్చేస్తాదని ఊరుకుంటి."

"నువ్వు ఎప్పుడు చెప్తివి?" అన్నాడాయన.

"చెప్తే వినపడాలి గదా!"

ఆయన ముఖం చూసి నాలుక కరుచుకుంది. కొంగుతో ఆయన భుజం మీద సున్నం మరక తుడిచి, చరచరా అత్తగారి గదిలోకి వెళ్లి నిలబడింది. ఆయన హాల్లో మీట పట్టుకున్నాడు. మధ్య రెండు తలుపుల్లోంచి ఒకరికొకరు కనపడుతున్నారు. ఆమె అరచెయ్యి పైకి లేపితే పెంచాడు, కిందికి దింపితే తగ్గించాడు. వంటింట్లో నేనూ అలాగే చేశాను. ఒకసారి నేను దింపమంటే ఆమె లేపమంది. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, దారి తప్పినవాడిలా మీట మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాడు. చివరికి మూడు గదుల్లోనూ హరికథ ఒకే ధారగా వచ్చింది. అత్తగారు చేత్తో తాళం వేయసాగారు. ఆయన ఆవిడ వేళ్లవైపే చూశాడు.

తర్వాత పెద్దాసుపత్రిలో చూపించుకున్నాడు. పోయిన చెవి రాదన్నారు. సెట్టు మాత్రం అమ్మలేదు. ఆ తర్వాత ఆరేడేళ్లు ఏ పెళ్లికి వెళ్లినా ధనభాగ్యం ఆయన పక్కన పెట్టె మీద కూర్చునేది. పెండ్లాన్ని వదిలి ఒక పూట ఉండలేడని జనం ఆట పట్టించేవారు. దానికి ఆయన సిగ్గుపడుతూ నవ్వేవాడు. అసలు సంగతి మా ఇంటి గడప దాటలేదు.

1987లో ముదలియార్‌పేటలో ఒక పెళ్లికి వెళ్లాం. తాళి కట్టే వేళకు హారను కూత పెట్టింది. ధనభాగ్యం రెండు వేళ్లతో ఆయన మోకాలు తట్టింది. ఆయన మీట తగ్గించి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె అప్పటికే పెళ్లికూతుర్ని చూస్తూ తల ఊపుతోంది. ఆ ఊపడం చాలుననో, పిల్ల బాగుందనో నాకైతే తెలియలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు. మీట కాస్త పెంచాడు, కాస్త తగ్గించాడు, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.