నైట్ షిఫ్టు ఇంటికి ఏ టీవీ?

2023, దసరా ముందు రోజులు. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో మా టీవీల షాపు. బొగ్గు కంపెనీ లాభాల వాటా కార్మికుల ఖాతాల్లో పడిన వారం అది. ఆ వారం మా ఊళ్లో టీవీ అమ్మలేనివాడు ఇంకెప్పుడూ అమ్మలేడు. మా నాన్న బొగ్గుబాయి కార్మికుడు, రిటైరయ్యాక ఈ షాపు పెట్టాడు. డబ్బా టీవీల కాలం నుంచి నేనే నడుపుతున్నాను. గడప దాటి లోపలికొచ్చే మనిషిని చూస్తే ఏ టీవీ కొంటాడో చెప్పగలను. గొప్పలు కాదు, అలవాటు.

ఆ రోజు వచ్చిన రాజయ్య మాత్రం నా లెక్కకు అందలేదు. భూగర్భ గనిలో బొగ్గు ఎత్తే యంత్రం నడుపుతాడు. వెంట భార్య సరోజ.

"అక్కా, అన్నిట్ల తక్కువ వెలుగిచ్చే టీవీ చూపియ్యి," అన్నాడు.

వచ్చినవాళ్లందరూ వెలుగు ఎక్కువ కావాలంటారు. తక్కువ కావాలని అడిగినవాణ్ని నేను చూడటం అదే మొదటిసారి. నవ్వబోయి, ఆయన కళ్లు చూసి ఊరుకున్నాను. ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

సరోజ అప్పటికే గోడ మీది యాభై అయిదు ఇంచుల టీవీ ముందు నిలబడింది. "మా క్వార్టర్ల లైన్ల అందరు గిసువంటియే కొంటున్నరు. మేమేం తక్కువ?"

"కొనుక్కో. నన్ను మాత్రం పండుకోనియ్యి," అన్నాడాయన.

"ఏమైందే అన్నా?" అని అడిగాను.

"ఏముందక్కా. నైట్ షిఫ్టు చేసి పొద్దున వచ్చి పంటే మొకం మీద టీవీ వెలుగు. సౌండు బంద్ పెడ్తది గని, ఆ మిణుకు మిణుకుకు కన్ను అంటుకోదు. ఇంట్ల అంటుకోని కన్ను గనిల అంటుకుంటది. మొన్న డ్యూటీల రెప్ప వాలింది, బండి పోయి గోడకు తాకింది. ఆడ మనిషుంటే?"

సరోజ గిరుక్కున తిరిగింది. "గీ ముచ్చట నాకెందుకు చెప్పలేదు?"

ఆయన చూపు టీవీల వైపు తిప్పుకున్నాడు. ఆమె నా వైపు చూసింది.

"నా బాధ గూడ ఇను అక్కా. నైట్ షిఫ్టు వారమొస్తే మా ఇల్లు గుహ తీరు. కిటికీలకు దుప్పట్లు, తలుపులు బంద్. గిన్నె చప్పుడు కావద్దు, మనిషి రావద్దు. పిల్లలు హాస్టల్ల. పొద్దంత మాట లేకుంట ఎట్లుండాలె? టీవీల మనుషుల మొకాలన్న కనవడ్తయని చూస్త."

ఇద్దరిదీ నిజమే. నేనూ కంపెనీ క్వార్టర్లోనే పెరిగాను. నాన్న నిద్ర చెడుతుందని పిల్లలం పగలంతా సైగలతో మాట్లాడుకునేవాళ్లం.

ఇక్కడ మా సరుకు గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఎల్ఈడీ టీవీలో తెర వెనక లైట్లు వెలుగుతూనే ఉంటాయి, అందుకే చీకటి సీను కాస్త బూడిద రంగుగా కనిపిస్తుంది. క్యూఎల్ఈడీ కూడా ఆ జాతే, రంగులు గాఢంగా రావడానికి మధ్యలో ఒక పొర ఎక్కువ. ఓఎల్ఈడీకి వెనక లైట్లే ఉండవు. ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, నలుపు కావాల్సిన చోట ఆరిపోతుంది. చీకటి గదికి దాన్ని మించింది లేదు. ధర కూడా అట్లాగే ఉంటుంది.

ఇద్దరినీ వెనక డెమో గదిలోకి తీసుకెళ్లి ఓఎల్ఈడీ వేశాను. తయారీదారులిచ్చిన వీడియోలో నల్లటి ఆకాశం, నాలుగు దీపాలు. గదంతా చీకటి. "ఇదే ఇయ్యక్కా," అన్నాడు రాజయ్య. అదీ యాభై అయిదు ఇంచులదే కాబట్టి సరోజ కూడా తలూపింది. బిల్లు రాస్తే నా పని అయిపోయేది. కానీ ఇంట్లో ఎవరూ నల్లటి ఆకాశం చూడరు కదా! ఛానల్ తిప్పి సీరియల్ పెట్టాను. తెల్లటి హాలు, పట్టుచీరలు, నగలు. గది పట్టపగలైంది.

"అన్నా, కండ్లు మూసుకో. మిణుకుతుందా?"

"మిణుకుతుంది," అన్నాడు నీరసంగా.

ఎంత ఖరీదైన తెరైనా వెలుగు వెలుగే. "నువ్వు మార్చాల్సింది టీవీ కాదు, గది," అన్నాను సరోజతో. అడిగితే తెలిసింది, రాజయ్య పడుకునేది ఇంటి ముందు గదిలోనే, కూలర్, టీవీ రెండూ అక్కడే ఉన్నాయి. క్వార్టర్లలో వంటింటికి దొడ్డి తలుపు ఉంటుంది. "పాత టీవీని ఆడనే ఉండనియ్యి, నైట్ షిఫ్టు లేని వారాలకు. వంటింట్ల ముప్పై రెండు ఇంచుల మామూలు ఎల్ఈడీ పెడ్దాం, పొయ్యికి దూరంగ. దొడ్డి తలుపు తెరిస్తే వచ్చే ఎండకు ఓఎల్ఈడీల నీ మొకమే కనవడ్తది. ఆడ ఎల్ఈడీనే నయం. నడుమ తలుపు మూసుకుంటే ఆయన దునియా ఆయనది, నీది నీది."

సరోజ మొహం మాడిపోయింది. "వంటింట్ల టీవీయా? గంత చిన్నదా? లైన్ల నవ్వరా?"

"నవ్వితే నవ్వనియ్యి. ఆయన గనిల దిగి మంచిగ ఎక్కి రావాలె. అదొక్కటి చూడు."

ఆమె భర్త వైపు తిరిగింది. "నిజంగ తాకిందా?" అని మెల్లగా అడిగింది. ఆయన తలూపాడు. ఆ ఎర్రటి కళ్లను చూసి, "చిన్నదానికే బిల్లు రాయి అక్కా," అంది.

పెద్ద బేరం పోయింది. నాకేం బాధ కలగలేదు, ఆ సాయంత్రం హాయిగా భోంచేశాను.

కొన్ని నెలలకు సరోజ మళ్లీ వచ్చింది, పక్కింటామెను వెంటబెట్టుకుని. "ఈమెకు గూడ వంటింటి టీవీ గావాలట," అంది దర్జాగా. నైట్ షిఫ్టు వారమొస్తే ఇప్పుడు లైన్లోని ఆడవాళ్లంతా దొడ్డిదారిన వాళ్లింటికే వస్తున్నారట. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ సీరియల్ చూస్తున్నారట.

"మరి అన్న నిద్ర?" అన్నాను గాబరాగా.

"ఆయనకేం ఫికర్ లేదక్కా. ఆయన గురకకు మాకే మాటలు ఇనవడ్తలెవ్వు."

షాపంతా వినిపించేలా నవ్వాను. నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషంతోనే.

క్వార్టర్ల నుంచి ఎవరొచ్చినా ఇంచుల సంగతి ఇప్పుడు తర్వాత మాట్లాడతాను. టీవీ నడిచేటప్పుడు ఇంట్లో పడుకునేదెవరు అన్నది నా మొదటి ప్రశ్న. చూసేవాళ్లు షాపుకొచ్చి తమకు కావాల్సింది తామే అడిగి తీసుకుంటారు. పడుకునే మనిషి తరఫున అడగాల్సింది మాత్రం నేనే.