చెప్పకూడని లెక్క

గొర్రెలున్న ఇంట్లో పుట్టినవాళ్లు మందను పైకి లెక్కపెట్టరు. వేలు చూపి ఒకటి, రెండు అంటే దిష్టి తగులుతుందని మావాళ్ల భయం. ఎవరైనా ఎన్ని ఉన్నాయని అడిగితే మా నాయన "నిండుగా ఉండాయి" అని ఊరుకునేవాడు. సాయంత్రం దొడ్డిలోకి వచ్చే మొహాలు చూసి ఏది తగ్గిందో మాత్రం ఇట్టే చెప్పేవాడు.

చిన్నాయన తాత ఉండగానే కొన్ని గొర్రెలు తోలుకుని వేరు కాపురం పెట్టాడు. తాత పోయాక మిగతా మందలో తన వాటా అడిగాడు. ఆ రోజుల్లో కొన్నిటిని మేతకని నిడుగల్లు కొండవైపు తోలి ఉన్నాం. దొడ్డి సగం ఖాళీగా కనబడేసరికి అన్న దాచేశాడనుకుని కర్ణాటకలోని మా పావగడ కోర్టులో దావా వేశాడు. కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయేదే. మాట్లాడుకుంటే వీళ్లు అన్నదమ్ములెందుకవుతారు!

చిన్నాయన లాయరు కోర్టు ద్వారా ఒక ప్రశ్న పంపాడు. మీ దగ్గర మొత్తం ఎన్ని గొర్రెలున్నాయో ప్రమాణం చేసి రాసివ్వాలి. కన్నడలో ఉన్న ఆ కాగితం నాయనకు చదివి చెప్పింది నేనే.

"నిండుగా ఉండాయని రాయి పాపా" అన్నాడు.

రాశాను. మా లాయరు తల పట్టుకున్నాడు. లెక్క చెప్పకపోతే నీ వాదన కొట్టేస్తాను, ఇక నీ మాట వినేది లేదని జడ్జి కోప్పడ్డాడు. మంద మొత్తం చెయ్యి జారిపోయేలా ఉన్నా నాయన నోరు విప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా లాయరేం తక్కువవాడు కాదు. మీరు తోలుకెళ్లినవి ఇప్పుడెన్ని అయ్యాయని అదే ప్రశ్న చిన్నాయనకు వేశాడు. చిన్నాయన బోనులో నిలబడి చాలాసేపు నసిగాడు.

"నిండుగా ఉండాయి స్వామీ."

కోర్టంతా నవ్వింది. నాయన నవ్వలేదు, ఎన్నాళ్లకో తమ్ముడి వైపు చూశాడు.

ఇది తెగేలా లేదని జడ్జి ఒక కుర్ర లాయరును కమిషనరుగా వేసి, దొడ్డికి వెళ్లి లెక్కపెట్టి రమ్మన్నాడు. ఇద్దరూ తలూపారు. ఆయన వచ్చి వేలెత్తి "ఒందు, ఎరడు" అన్నాడో లేదో, గబుక్కున ఆ వేలు పట్టుకున్నది మా నాయన కాదు, చిన్నాయన.

"వద్దు సార్, ఏలు సూపొద్దు. మా నాయన సాకిన జీవాలవి."

అక్కడికక్కడే రాజీ అయిపోతుందని ఆశపడ్డాను.

"మరి కోర్టుకెందుకు ఎక్కినావురా?" అన్నాడు నాయన.

అంతే, మళ్లీ మొదలు. ఇరుపక్షాలూ అడ్డుకున్నాయని రాసుకుని కమిషనరు వెళ్లిపోయాడు.

వాయిదాలు నడుస్తుండగానే వానలు మొహం చాటేశాయి. శనక్కాయ పైరు మొలకలోనే మాడింది, జీవాలకు మేత లేదు. కొన్ని రోగానికి పోయాయి. కొన్నిటిని కళ్లు మూసుకుని కటికవాళ్లకు అమ్ముకున్నాం.

చివరి వాయిదాలో జడ్జి మళ్లీ అదే అడిగాడు. నాయన చేతులు కట్టుకున్నాడు.

"ఇంకేం దిష్టి తగుల్తాది స్వామీ. రాసుకోండి, నాలుగు."

చిన్నాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తనకేమీ వద్దన్నాడు. జడ్జి దావా మూసేశాడు.

ఆ సాయంత్రం దొడ్డి దగ్గర నాయన మా అందరి ముందూ వేలెత్తి, పైకి లెక్కపెట్టాడు. నాలుగూ అయిపోయాక కూడా వేలు దించకుండా అలాగే నిలబడిపోయాడు.