పదహారు నంబరు టైరు

నిన్న యాప్రాల్‌లో మనవరాలి కారుకు టైరు మార్పించాం. కొట్టతను చక్రాన్ని యంత్రం మీద పెట్టి, నేను కళ్లజోడు తుడుచుకునేలోపు కొత్త టైరు ఎక్కించేశాడు. ఊరుకోలేక నేను వంగి, రిమ్ము మీది అంకె, తర్వాత టైరు మీది అంకె రెండూ ఒకటేనా అని వేలితో తడిమాను. "నానీ, వాళ్లు చూసుకుంటారులే" అని నవ్వింది మనవరాలు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ నేను మా అబ్బా కూతుర్ని.

నిజాం రోజుల్లో అబ్బాకు అల్వాల్ దారిలో టైర్లు మార్చే రేకుల షెడ్డు ఉండేది. వచ్చినవాడు నవాబుగారి డ్రైవరైనా సరే, రెండు అంకెలూ తన వేలితో తడిమి పైకి చెబితేగానీ అబ్బా పని మొదలుపెట్టేవాడు కాదు. చదువురాని డ్రైవర్లకు ఆ ఉబ్బెత్తు అంకెలతోనే అక్షరాభ్యాసం జరిగింది. తర్వాత ట్యూబుకు సుద్దపొడి, టైరు అంచుకు సబ్బునీళ్లు. ట్యూబు మడతపడకుండా కొంచెం గాలి కొట్టి, తీసేసి, మళ్లీ కొట్టాలి. చివర్న అంచు చుట్టూ సమంగా కూర్చుందో లేదోనని పెళ్లిచూపులకు వచ్చినవాడిలా వంకలు వెతికేవాడు. "పెద్ద చెప్పేసుకుంటె నువ్వొక్కనివే పడ్తవు. పెద్ద టైరేస్తె బండ్ల ఉన్నోళ్లంత పడ్తరు" అనేవాడు. ఆయన చాదస్తానికి అమ్మీ తెగ నవ్వేది.

పోలీసు చర్య జరిగిన వారంలో ఆ నవ్వు ఆగిపోయింది. అబ్బా తమ్ముడు, మా చాచా, బీదర్ వైపు ఒక పల్లెలో భార్యాపిల్లలతో ఉండేవాడు. అటువైపు మా ముసల్మానుల ఇళ్లు తగలబెడుతున్నారని, చాచా వాళ్లు తలుపులేసుకుని దాక్కున్నారని, వెంటనే వచ్చి తీసుకుపొమ్మన్నారని ఒకాయన కబురు తెచ్చాడు. అబ్బా ఎవరినో బతిమాలి ఒక టాక్సీ తెచ్చాడు. దాని వెనక టైరు చీలిపోయి ఉంది. రిమ్ము పదహారు. కొట్లన్నీ మూసేశారు. లష్కరు, అదే సికింద్రాబాదు, అంతా తిరిగితే దొరికింది ఒకే ఒక్క పదిహేడు.

"పాత గుడ్డలు సుట్టి ఎక్కియ్యుండ్రి. పోయి వచ్చేదాక నిలిస్తె సాలు" అని అమ్మీ కాళ్లావేళ్లా పడింది.

"నడుమ తొవ్వల ఊడితె? వచ్చేటప్పుడు పిల్లలు సుత ఉంటరు బండ్ల. నేను ఎక్కియ్య" అన్నాడు అబ్బా.

అలాగని ఆయన కూర్చోలేదు. అన్నం మానేసి కాలినడకన షెడ్డు షెడ్డూ తిరిగాడు. నాలుగో రోజు పదహారు టైరు భుజాన వేసుకుని వచ్చాడు. అంత తొందరలోనూ సుద్దపొడి మానలేదు, సబ్బునీళ్లు మానలేదు. గాలి కొట్టి, తీసి, మళ్లీ కొట్టాడు. అమ్మీ గడపలో నిలబడి ఆ పంపు చప్పుడు వింటూ ఏడ్చింది.

మర్నాడు అబ్బా చాచావాళ్లు లేకుండా ఖాళీ టాక్సీతో తిరిగొచ్చాడు. చాచా ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయట, లోపల ఎవరూ లేరట. మొన్నటిదాకా ఉన్నారని పక్కింటామె చెప్పిందట. అంతకుమించి ఇప్పటిదాకా మాకెవరూ ఏమీ చెప్పలేదు.

టైరుకు మాత్రం ఆ గతుకుల దారిలో రానూపోనూ ఏమీ కాలేదు. అమ్మీ దానివంక చూసి, "మీ టైరు మంచిగనే కూసున్నది" అంది. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత అబ్బా ఎవరినీ అంకె చదవమని అడగలేదు, తనే తడిమి ఊరుకునేవాడు.

గుడ్డలు చుట్టిన టైరుతో వెళ్లుంటే అబ్బా కూడా మాకు దక్కేవాడు కాదేమో. ఆయన చేసింది తప్పనలేను, ఒప్పనడానికి నోరు రాదు. మనవరాలి టైరుకు పది నిమిషాలు పట్టింది. ఇన్నేళ్లు గడిచాయి గానీ, ఆ నాలుగు రోజులు మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ గడవలేదు.