విచారణకి మా గల్లీ అంతా వచ్చింది

ఈ రోజు పక్కింటి అప్పలస్వామి అన్నయ్యకీ వదినకీ తోడుగా పిల్లల సంక్షేమ కమిటీ విచారణకి వెళ్లాను. వాళ్లిద్దరూ పనిలో ఉండగా ఎనిమిదేళ్ల లక్ష్మి ఖిదిర్‌పూర్‌లో బస్సెక్కి హౌరా స్టేషన్‌కి వెళ్లిపోయింది. పోలీసులు పిల్లల హోమ్‌లో చేర్పించారు. ఇక ఇంటికి పంపాలంటే ఈ కమిటీయే పంపాలి.

గేటు దగ్గర చూద్దును కదా, మా గల్లీ గల్లీ అంతా దిగి ఉంది!

"ఇంతమంది ఎందుకన్నయ్యా?" అన్నాను.

"ఏటి సెల్లీ అలగంటావు? తగువంటే మనోళ్లుండాల. ఒంటిగా ఎల్తే మన మాట ఎవులింటారు?"

లోపల బోనూ లేదు, నల్లకోట్లూ లేవు. బల్ల చుట్టూ కుర్చీలు, అంతే. తల్లిదండ్రుల్నే రమ్మన్నారు, వదినకి బెంగాలీ రాదని నన్నూ రానిచ్చారు. కమిటీ మేడమ్ మొదట లక్ష్మితో నెమ్మదిగా మాట్లాడారు. ఇంటికి వెళ్తానంది. తర్వాత అన్నయ్యని అడిగారు, "మీరిద్దరూ డ్యూటీకెళ్తే పిల్లని ఎవరు చూస్తారు?"

నేను వదినకి తెలుగులో చెప్పాను. వదిన కిటికీ వైపు చెయ్యి చాపి, "ఆళ్లే" అంది. గల్లీ అంతా చువ్వలు పట్టుకుని లోపలికే చూస్తోంది.

మేడమ్ నవ్వారు. "మరి ఆ రోజు బస్సెక్కుతుంటే ఇంతమందిలో ఒక్కరూ చూడలేదా?"

నేను తెలుగులో చెప్పేసరికి కిటికీలో తలలన్నీ వంగిపోయాయి.

లక్ష్మిని ఇంటికి పంపించారు. సాయంత్రం నుంచి అది గుమ్మం దాటితే చాలు, గల్లీ పొడుగునా "ఏటే, ఎక్కడికే?" అని కేకలు. పాపం, పిల్లకి హోమే నయమనిపిస్తోందేమో! మీ వీధిలోనూ ఇలాగే ఉంటారా?