తాత మూసే కన్ను

తాత ఉండేలు ఎత్తాడంటే ఆకాశంలో గద్దలు రెక్కలు ముడుచుకుని నడిచి ఇంటికెళ్ళిపోతాయి. ఇది ఆయన మాటే. గద్దలను ఎవరూ అడగలేదు. తన సైకిల్ షాపులో పంక్చరైన ట్యూబు కోసి రబ్బరు కట్టుకుంటాడు, తోలుముక్కలో గులకరాయి పెట్టి ఉఫ్‌మని ఊదుతాడు, ఎడమకన్ను మూసి, నాలుక బయటపెట్టి లాగుతాడు. ఇంతవరకూ ఆయన దెబ్బకు నేలకూలినవి పక్కింటి పూలకుండీ, ఎదురింటి బల్బు, తన బొటనవేలి గోరు. ఇవాళ నానమ్మ తేల్చి చెప్పేసింది: "ఈపూట కూడా కూరకి ఒక్క పిట్టా లేకుండా ఉత్తచేతులతో వచ్చారో, పొయ్యిలో కట్టెలకి బదులు మీ ఉండేలే!"

షాపు వెనక గోడమీద, పదడుగుల దూరంలో, ఓ పావురం కూర్చుంది. తాత మూడు రాళ్ళు వదిలాడు. పావురం మెడైనా తిప్పలేదు. వెనకే వచ్చిన మనవరాలు నవ్వాపుకోలేక, "తాతా, ఆపరేషనైన మంచికన్ను మూసుకుని, పొరకమ్మిన కన్నుతో గురి చూస్తున్నావు. అటుది ఇటు మార్చు" అంది. నలభయ్యేళ్ళ అలవాటు కదా, తాత గొణుక్కుంటూనే మార్చాడు. రబ్బరు చెవిదాకా లాగాడు. పావురం కంటిచుట్టూ ఎర్రటి గీత, ఊపిరికి కదిలే రొమ్ము ఈకలు, అన్నీ కనబడ్డాయి. అదీ ఆయన్నే చూస్తోంది. రబ్బరు మెల్లగా వదులైపోయింది.

"ఏం తాతా, గురి కుదర్లేదా?"

"కుదిరింది, అందుకే కొట్టలేదు. నువ్వు నోరు మూసుకునుంటే నేనింకా వేటగాణ్ణే. పో, ఈ ఉండేలిచ్చి మీ నానమ్మని పొయ్యి వెలిగించమను."