మా దుకాన్ల బెల్లమాయె

చలి మొదలై కొత్త బెల్లం పొట్లం విప్పినప్పుడల్లా తడి చెరకు వాసనా, దాని వెనకే సన్నటి పొగ వాసనా వంటగదంతా కమ్ముకుని, నన్ను జహీరాబాద్ బజారులోని మా నాయిన కిరాణా దుకాణంలో దింపుతాయి.

ఈ కాలంలోనే చుట్టుపక్కల ఊళ్ల నుంచి బెల్లం ముద్దలు గోనెసంచుల్లో దిగేవి. బడి నుంచి రాగానే ఆ సంచుల మీదెక్కి కూర్చుని, కందిరీగలను తోలుతూ, రాలిన పొడి నాకుతూ పాఠాలు చదువుకునేదాన్ని. ఎదురుగా చాయ్ హోటల్లో రేడియో పొద్దంతా మోగేది. లారీల హారన్ల మధ్య, కప్పుల చప్పుడు మధ్య, ఒక ఏడాది ఓ సినిమా పాట పదే పదే వచ్చేది. "మధువనాన వెల్లువాయె వెన్నెలంతా" అని గాయని పాడిందట. మాకు మాత్రం "మా దుకాన్ల బెల్లమాయె ఎన్నెలంతా" అనే వినబడింది. వెన్నెలంతా మా దుకాణంలో గడ్డకట్టి బెల్లమైపోయిందన్నమాట! సినిమావాళ్లకు మా సంగతి ఎవరు చెప్పారా అని మురిసిపోయానే గాని అనుమానపడలేదు. నాయిన తక్కెడ పట్టుకుని అదే పాడేవాడు. చేలల్లో పండుగ చేసుకునే ఎళ్ల అమాస నాడు న్యాల్‌కల్ దగ్గరి మా చేనులో, అన్ని గింజలూ కలిపి వండిన బజ్జికూర సజ్జరొట్టెల్లో నంజుకుంటూ ఇంటిల్లిపాదీ అలాగే పాడాం.

బడి వార్షికోత్సవానికి పాటలు ఎంచిన టీచరమ్మది కోస్తా. భర్త ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంజనీరు. నేను పాడుతుంటే మొదటి చరణమైనా కాకముందే చెయ్యెత్తి ఆపింది.

"దుకాణం ఏంటమ్మాయ్? అది మధువనం!"

తరగతంతా పగలబడి నవ్వింది. చెవులు భగ్గుమన్నా నేను తల దించలేదు.

"మాకు మధువనం లేదు టీచర్. దుకానమే ఉన్నది."

సరిగ్గా పలికితేనే స్టేజీ ఎక్కనిస్తానంది. ఇంటికొచ్చి, "నాయినా, మనం పాడేది తప్పంట" అన్నాను. బెల్లం తూస్తున్న చెయ్యి ఆగింది.

"గట్లనా? మనకేం ఎరుక బిడ్డా, సదువుకున్నోళ్లు చెప్పినట్ల పాడు" అన్నాడు.

ఆ రోజు నుంచి తక్కెడ దగ్గర పాట వినబడలేదు. పిల్లలు నవ్వినందుకు రాని కోపం నాకు అందుకు వచ్చింది.

రిహార్సల్లో మధువనమని ముద్దుగా పలికాను. వార్షికోత్సవం నాడు దుకాణం సగం మూసి వచ్చిన నాయిన వెనక గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన్నే చూస్తూ గొంతెత్తి పాడాను: "మా దుకాన్ల బెల్లమాయె ఎన్నెలంతా..." తెర పక్క నుంచి టీచరమ్మ కళ్లెర్ర చేసింది. నేను ఆపలేదు. రెండోసారి ఆ మాటలు వచ్చేసరికి వెనక గోడ దగ్గర నుంచి ఒక బొంగురు గొంతు నాతో కలిసింది.

బహుమతి రాలేదు. మర్నాడు టీచరమ్మ తరగతి బయట నిలబెట్టింది. నిలబడ్డాను. సాయంత్రం దుకాణానికి వెళ్లేసరికి నాయిన కందిపప్పు తూస్తూ మళ్లీ పాడుతున్నాడు.

ఇప్పుడు నాయిన లేడు. దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, చాయ్ హోటల్ రోడ్డు వెడల్పు కింద పోయింది. పాటతో పాటే మాటలు కూడా ఫోన్ తెర మీద నడుస్తాయి కాబట్టి పిల్లలకు తప్పు వినే వీలే లేదు. మొన్న మా అమ్మాయి ఫోన్ తెచ్చి, "అమ్మా, నువ్వు పాడేది తప్పు, ఇదిగో రాసుంది చూడు" అంది.

"రాసినోళ్లు వాళ్ల పాట రాసుకున్నరు. గిది మీ తాత పాట. నేర్చుకుంటవా?" అన్నాను.